జొన్న రొట్టె, దాని జత

సాయంత్రమైతే మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లో రోడ్డు పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. కొనేవాళ్లలో చాలామంది చెప్పే కారణం షుగర్. ఒకప్పుడు బీదవాళ్ల తిండి అని చిన్నచూపు చూసిన రొట్టె ఇవాళ డాక్టరు రాసిన చీటీలా మారింది. ఆహార శాస్త్రం చదువుకుంటున్న నాకు ఇది సంతోషమే. అయితే రొట్టెను తెచ్చుకున్నంత ఇష్టంగా దానితో తినాల్సినవి మనం తెచ్చుకోవడం లేదు.

ముందు రొట్టె పనితనం చూద్దాం. గోధుమ పిండిని సాగదీసే గ్లూటెన్ జొన్నలో లేదు. అందుకే చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. మసిలే నీళ్లు పోస్తే పిండి పదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది, ముద్ద నిలుస్తుంది. ఆ ముద్దను అరచేతి మొదలుతో ఒత్తి ఒత్తి పిసికి, పొడి పిండి చల్లి, చేత్తో తడుతూ తిప్పుతారు. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో నీళ్లు అద్దుతారు. అంటిన పొడి పిండి తడిసి, పైపొర ఎండి పగలకుండా ఉంటుంది. ఆ తడి ఆరకముందే తిరగేయాలి. అప్పుడు లోపలి ఆవిరి రొట్టెను పొంగిస్తుంది. పిండి పాతబడితే ఎంత నేర్పున్నా రొట్టె విరుగుతుంది. అందుకే వారానికి సరిపడా మాత్రమే గిర్నీలో పట్టిస్తారు.

ఇక పోషకాల లెక్క. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. కానీ అవే 100 గ్రాముల జొన్నల్లో పిండి పదార్థం 68 గ్రాముల దాకా ఉంది. జొన్నే కదా అని షుగర్ ఉన్నవాళ్లు నాలుగైదు రొట్టెలు లాగించడం తగదు.

జొన్న ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో దక్కన్ పీఠభూమి ఇదివరకే చూసింది. జొన్నే ప్రధాన తిండిగా బతికిన బీద కూలీల్లో పెల్లాగ్రా కనిపించేది. నయాసిన్ అనే విటమిన్ లోపంతో చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు అవుతాయి, మతి చెదురుతుంది. జొన్నలో మోతాదు మించిన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణమని 1960లో శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. తిండిలో వైవిధ్యం లేకపోవడం ముప్పు అన్న మాట మాత్రం నిలిచింది.

ఇక్కడే పాత వంటింటి తెలివి పనికొస్తుంది. లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం జొన్నలో తక్కువ, కందిపప్పులో ఎక్కువ. చేనులో జొన్న సాళ్ల మధ్య కంది వేసినట్టే రొట్టె పక్కన పప్పు వడ్డించారు. పాలమూరు పల్లీల్లో నయాసిన్ దండిగా ఉంది, కాబట్టి పల్లీల పొడి, పల్లి చట్నీ ఉత్త రుచి కోసం కాదు. పుంటికూర, చింతచిగురు పులుపు జొన్నలోని ఇనుము ఒంటికి పట్టేందుకు తోడ్పడుతుంది. పిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చి కాచిన అంబలిలో, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. అందులో మజ్జిగ కలిపితే కాల్షియం కూడా అందుతుంది.

నల్లగొండకు ఇంకో కష్టం ఉంది, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్. జొన్న తిండి మీద ఉన్నవాళ్ల ఒంట్లో, అన్నం తినేవాళ్లకంటే, ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని హైదరాబాద్ శాస్త్రవేత్తలు 1977లో గమనించారు. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తేల్చారు. దీన్నిబట్టి చింతపండుతో చేసే పచ్చిపులుసు, ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు మందని అనుకోకూడదు. శుద్ధమైన నీళ్లు తాగడమే అసలు రక్షణ. పులుసు దానికి తోడు మాత్రమే.

అందుకే రొట్టె కొనేవాళ్లకు నా మనవి ఒక్కటే. రెండు రొట్టెలతో ఆపండి. వాటితో కారం పొడి ఒక్కటే కాకుండా గిన్నెడు పప్పు, ఆకుకూర, కొన్ని పల్లీలు, గ్లాసు మజ్జిగ పెట్టుకోండి. జొన్నకు మనం కొత్తగా ఇస్తున్న పేరు నిలబడాలంటే ఈ జత కూడా పళ్లెంలోకి రావాలి.