ఓవిర్ట్ నోడ్: బూట్ కావడమే పరీక్షా ప్రమాణమా?

వర్చువల్ యంత్రాలను నడిపే సర్వర్ల కోసం రూపొందిన ఓవిర్ట్ నోడ్, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకే ఇమేజ్‌గా అందిస్తుంది. కొత్త ఇమేజ్ ప్రత్యేక పొరగా చేరుతుంది. అది విఫలమైతే బూట్ మెనూ నుంచి పాత పొరకు మరలవచ్చు. పరిష్కర్త పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో భద్రపరచడం వంటి జాగ్రత్త ఇది.

అయితే పరీక్షా విధానం విమర్శకు అతీతం కాదు. ఇమేజ్‌ను వర్చువల్ యంత్రంలో మాత్రమే బూట్ చేసి చూస్తే, అసలు సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డుకు, నిల్వ పరికరాలకు తగిన డ్రైవర్లు ఉన్నాయో లేవో తేలదు. ఒక్క సర్వర్ ఆగితే దానిపై నడిచే వర్చువల్ యంత్రాలన్నీ ఆగుతాయి. కనుక లాగిన్ తెర కనిపించడం పరీక్షకు ఆరంభం మాత్రమే. అసలు సర్వర్‌పై వర్చువల్ యంత్రం నడవడం, పూర్వపు అమరికలు కొత్త పొరలోకి చేరడం, అవసరమైతే పాత పొరకు మరలగలగడం అనే మూడు అంశాలూ నిరూపితమైనప్పుడే ఆ ఇమేజ్ ప్రామాణికమవుతుంది.