సర్వీసు రిజిస్టర్‌లో రాసిన అప్పు

సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలో పుట్టుమచ్చలు రాస్తారు. ఎడమ మోచేతి కింద పుట్టుమచ్చ, కుడి మోకాలి మీద గాయం మచ్చ. ఉద్యోగంలో చేరిన రోజున కుర్రాడి ఒంటి మీద చూసి రాసిన ఆ మచ్చలనే, ముప్పై ఏళ్ల తర్వాత పెన్షన్ కాగితాలు పెట్టేటప్పుడు మళ్లీ చూసి రాస్తారు. ఈలోగా జుట్టు పోతుంది, పళ్లు ఊడతాయి, సంతకం వంకర తిరుగుతుంది. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 1986లో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన వారానికే మా హెడ్ క్లర్కు గారు ఆ పేజీ తీసి ముందు పెట్టి, "ఇది మనిషి జాతకంరా అబ్బాయ్, ఇందులో కొట్టివేతలు పనికిరావు" అన్నారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న పని ఏదైనా ఉందంటే అది అదే, ఎస్.ఆర్. రాయడం, పెన్షన్ కాగితాలు కట్టడం. 2020 జూన్‌లో రిటైరయ్యాక కూడా మా ఇంటి వరండాలో ఆదివారం పూట ఆ పని సాగుతూనే ఉంది.

ఎస్.ఆర్. రాయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఓపిక కావాలి. చేరింది పొద్దున్నా మధ్యాహ్నమా, ఇంక్రిమెంటు ఏ తేదీ నుంచి, జీతం ఏ పీఆర్సీ కింద ఎంతకు ఖాయమైంది, సంపాదిత సెలవులు ఎన్ని మిగిలాయి, అన్నీ ఎక్కించాలి. తప్పు పడితే దాని మీద దిద్దకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఆఫీసరు గారి సంతకం తీసుకోవాలి. ఏడాదికోసారి జీతాల బిల్లులు ముందు పెట్టుకుని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సర్వీసు వెరిఫై చేయడమైనది అని ఒక్క వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యమే చాలాచోట్ల ఎగిరిపోతుంది. ఏళ్ల తరబడి ఎవరూ రాయరు. రిటైర్మెంటు దగ్గరపడ్డాక, ఆఫీసులో అందరికీ చెమటలు పడతాయి.

ఓ నైట్ వాచ్‌మన్ సంగతి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఎస్.ఆర్.లో అతనికి ఏడు నెలలు ఖాళీ. టైఫాయిడ్ తిరగబెట్టి సెలవులో ఉన్నాడు, కానీ సెలవు మంజూరు ఉత్తర్వు పుస్తకంలోకి ఎక్కలేదు. ఫైలు దొరకలేదు. మేమిద్దరం రికార్డు రూములో మూడు రోజులు కూర్చున్నాం. చెదలు తిన్న మూటలు విప్పి, పాత అక్విటెన్స్ రోల్స్, అంటే జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే పట్టీలు, ఒక్కొక్కటీ తిరగేశాం. మూడో రోజు మధ్యాహ్నం ఒక కాగితంలో అతని పేరు, ఎదురుగా అర్ధజీతం మొత్తం, రెవెన్యూ స్టాంపు మీద నీలిసిరా సంతకం కనిపించాయి. "వచ్చింది బాబూ, నాదే, నాదే" అంటూ ఆ స్టాంపు మీద వేలు పెట్టి తీయలేదు. జీతం ఇచ్చారంటే సెలవు మంజూరైనట్టే. ఆ ఏడు నెలలూ సర్వీసులో కలిశాయి.

ఏడు నెలలకు అంత పాకులాట ఎందుకంటే, పాత పెన్షన్ లెక్క అర్ధ సంవత్సరాల్లో నడుస్తుంది. 33 ఏళ్లు నిండితే 66 అర్ధ సంవత్సరాలు, పెన్షన్ ఆఖరి మూలవేతనంలో సగం. తగ్గితే ఆ మేరకు కోత. వెయిటేజీ వంటివి పక్కనపెట్టి చూద్దాం. ఆఖరి మూలవేతనం 66,000 అనుకుంటే పూర్తి పెన్షన్ 33,000. ఒక్క అర్ధ సంవత్సరం జారిపోతే నెలకు 500 పోతుంది. అది బతికున్నన్నాళ్లూ పోయే 500. దాని మీద వచ్చే కరువు భృతీ పోతుంది. అందుకే రిజిస్టర్‌లో ఒక్క వాక్యం కోసం చెదల మూటలు విప్పుతాం.

ఎస్.ఆర్.లో ఆ వెరిఫికేషన్ వాక్యం రాసినప్పుడల్లా, ప్రభుత్వం ఒక మనిషికి ఇంత బాకీ పడింది అనే నేను రాస్తున్నాను. ఏడాది గడిచింది, మనిషి ఏడాది పని చేశాడు, దానికి జీతంతో పాటు ముసలితనంలో ఇవ్వాల్సిన ముక్క ఒకటి మిగిలింది. ఇది దయాధర్మం కాదని, చేసిన పనికి వెనక్కి పెట్టిన జీతమని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తేల్చింది. పెన్షనర్లు ఏటా ఆ తేదీనే తమ పండుగగా చేసుకుంటారు. 2013లో జార్ఖండ్ కేసులో అదే కోర్టు పెన్షన్ ఆస్తి హక్కు కిందికే వస్తుందని చెప్పింది. మరి నేను ఇటువైపు రాసిన అప్పుకు అటువైపు ఖాతా ఏది? దాన్ని తీర్చడానికి డబ్బు ఏ పెట్టెలో వేస్తున్నారు?

ఏ పెట్టెలోనూ వేయడం లేదు. ట్రెజరీలో పనిచేసినవాళ్లందరికీ 2071 అనే పద్దు తెలుసు. పెన్షన్లు, విరమణ ప్రయోజనాల పద్దు అది. ప్రతి నెలా ఆ పద్దు కింద వెళ్లేది, అదే నెలలో పెట్రోలు మీదా, మద్యం మీదా, భూముల రిజిస్ట్రేషన్ల మీదా వచ్చిన డబ్బు. రాకపోతే, అప్పు తెచ్చిన డబ్బు. మన ప్రభుత్వాల లెక్కలు చేతికొచ్చిన, చేతి నుంచి పోయిన నగదు మీద నడుస్తాయి. రేపు ఇవ్వాల్సింది ఈ రోజు లెక్కలో కనబడదు. బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు తీర్చడానికైతే రిజర్వు బ్యాంకు దగ్గర రాష్ట్రాలకు కన్సాలిడేటెడ్ సింకింగ్ ఫండ్ అని ఒకటుంది. ఏటా అందులో కొంత వేసుకోవాలని పన్నెండో ఆర్థిక సంఘం చెప్పింది. బ్యాంకులకు, బాండ్లు కొన్నవారికి ఉన్న ఆ భరోసా, ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషికి లేదు.

రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ సంగతి నాకు మరింత స్పష్టంగా కనబడింది. 2014 విభజన చట్టం ఎనిమిదో షెడ్యూలులో పెన్షన్ బాధ్యత పంపకం ఉంది. జనాభా నిష్పత్తిలో, 58.32, 41.68గా. అప్పులు పంచుకున్నారు, ఆస్తులు పంచుకున్నారు. పెన్షన్ దగ్గరికొచ్చేసరికి పంచుకోవడానికి బాధ్యత ఒక్కటే ఉంది, దాని వెనక నిధి లేదు. ఆ షెడ్యూలు చదివిన రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అప్పటికి నా సర్వీసు 28 ఏళ్లు.

నిధి లేనప్పుడు ప్రభుత్వాల చేతిలో మిగిలే ఉపాయం వాయిదా. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కు పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి ఒక్కసారే 61కి పెరిగింది. అనుభవం ఉన్నవాళ్లు మరికొన్నేళ్లు ఉండటం మంచిదేనన్న వాదన ఉంది, కొట్టిపారేయను. కానీ ఆ మూడేళ్లలో తెలంగాణ ఖజానాకు గ్రాట్యుటీలు, కమ్యుటేషన్లు, సెలవు జీతాలు చాలా మటుకు మిగిలాయి. అది తీసి పక్కన పెట్టి ఉంటే 2024 మార్చి నెలాఖరు నుంచి మళ్లీ విరమణలు మొదలైనప్పుడు ఆ డబ్బు అక్కరకొచ్చేది. పెట్టలేదు. బకాయిలు పేరుకుపోయాయి, తమ డబ్బు తమకు ఇప్పించమని రిటైరైనవాళ్లు హైకోర్టు మెట్లెక్కారు. కూతురి పెళ్లికని, గుండె ఆపరేషనుకని దాచుకున్న జీపీఎఫ్ కోసం కూడా ఎదురుచూసినవాళ్లున్నారు. జీపీఎఫ్ అంటే నెలనెలా వాళ్ల జీతంలోంచి కోసి ప్రభుత్వం దగ్గర ఉంచిన సొంత సొమ్ము.

2020 లాక్‌డౌన్‌లో రెండు రాష్ట్రాలూ పెన్షన్లలో సగం ఆపాయి. ఆంధ్రలో మాజీ జిల్లా జడ్జి ఒకరు కోర్టుకు వెళ్లారు. ఆపిన మొత్తానికి 6 శాతం వడ్డీ కట్టమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నేను రిటైరైంది ఆ లాక్‌డౌన్ ఏడాదే. నా గ్రాట్యుటీ చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఎవరిని అడిగినా "బిల్లు అప్‌లోడ్ అయింది సార్, డబ్బు పడాలి" అనే మాట. వందల మంది పెన్షన్ కాగితాలు నా చేత్తో కట్టి, ఒక్క కామా తప్పిపోకుండా పంపినవాణ్ణి. కాగితంలో లోపం ఉంటే వెతికి దిద్దుకునేవాణ్ణి. కాగితమంతా సరిగ్గా ఉండి డబ్బు లేకపోతే ఏం దిద్దాలి?

ఇక కొత్త పద్ధతి. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన దగ్గర 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, అంటే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం. మన దగ్గర మూలవేతనం, డీఏ కలిపి అందులో 10 శాతం ఉద్యోగి, 10 శాతం ప్రభుత్వం. ఇందులో ఒక న్యాయం ఉందని నేను మొదటి నుంచీ అనుకున్నాను. నెలనెలా నిజంగా డబ్బు పక్కకు వెళుతుంది. మనిషి పేరు మీద ప్రాన్ నంబరుతో ఖాతా ఉంటుంది. నేను ఎస్.ఆర్.లో రాసిన అప్పుకు అటువైపు ఖాతా మొదటిసారి తెరిచింది ఈ పద్ధతిలోనే. అయితే ఖాతా ఇచ్చి, హామీ తీసేశారు. మార్కెట్ ఎంత ఇస్తే అంత.

మూడు వారాల క్రితం మా వరండాకి ఒక టీచరమ్మ వచ్చింది. మా వీధి చివర అద్దెకుంటుంది, నన్ను బాబాయిగారూ అంటుంది. డీఎస్సీ-2003 టీచర్ల నియామకాల్లో ఎంపికైంది. ప్రకటన 2003లో వచ్చింది, పోస్టింగ్ 2005లో వచ్చింది. ఆ మధ్యలో సీపీఎస్ గీత గీశారు. నలభై దాటాక దొరికిన ఉద్యోగం, విరమణ నాటికి సర్వీసు 21 ఏళ్లు. నోటుబుక్కులో వెనక పేజీ తీసి లెక్క వేశాం. ఖాతాలో 40 లక్షలు చేరతాయనుకున్నాం. 60 శాతం, అంటే 24 లక్షలు, చేతికి వస్తుంది. మిగిలిన 16 లక్షలతో యాన్యుటీ కొనాలి. దాని మీద ఏటా 6 శాతం వస్తుందనుకుంటే నెలకు 8,000. ధరలు పెరిగినా ఆ 8,000 పెరగదు. పాత పద్ధతిలో అదే 21 ఏళ్లకు, మూలవేతనం 66,000 మీద, నెలకు 21,000 వచ్చేది, దాని మీద కరువు భృతి వేరు.

"ఆ 24 లక్షలు ఉంటాయి కదమ్మా?" అన్నాను.

"ఇంటి లోనుకి సగం, పిల్ల ఎంటెక్ అప్పుకి సగం, బాబాయిగారూ. అది నా పేరు మీద ఒక్క పూటుంటుంది" అంది.

ఈ లెక్కలు పట్టుకునే సీపీఎస్ రద్దు చేయాలని ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కాయి. ఆంధ్రలో 2019 ఎన్నికల ముందు, అధికారంలోకి వచ్చిన వారంలో రద్దు చేస్తామని జగన్‌మోహన్ రెడ్డి మాటిచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 2023లో, రద్దుకు బదులు గ్యారంటీడ్ పెన్షన్ చట్టం తెచ్చారు. ఆఖరి మూలవేతనంలో సగానికి హామీ ఇస్తామన్నారు, సంఘాలు ఒప్పుకోలేదు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ వంటివి పాత పద్ధతికే తిరిగి వెళ్లాయి. అది సంతోషించాల్సిన సంగతేనా అని నన్ను అడిగినవాళ్లకు నేను కాదనే చెప్పాను, చెప్పి మా సంఘం మిత్రులతో మాట పడ్డాను. పాత పెన్షన్ తెస్తామని జీవో ఇవ్వడానికి ఒక కాగితం చాలు. పాతికేళ్ల తర్వాత రిటైరయ్యే పిల్లవాడికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో ఆ జీవోలో ఉండదు. నా గ్రాట్యుటీకి పట్టిన పద్నాలుగు నెలలు అప్పటికి పద్నాలుగేళ్లు కాకూడదు కదా.

నాకు కావలసింది రెండూ. ఇంత ఇస్తామన్న హామీ ఉండాలి, ఆ హామీకి సరిపడా సొమ్ము నెలనెలా పక్కకు పోవాలి. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తెచ్చిన ఏకీకృత పెన్షన్ ఆ దారిలో ఒక అడుగు. 25 ఏళ్లు చేసినవారికి ఆఖరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం ఇస్తామంటోంది, ప్రభుత్వం 18.5 శాతం కడుతోంది. దానిలో లొసుగులు చాలానే ఉన్నాయి, ముందే విరమించేవాళ్లకు అది అన్యాయం చేస్తుంది. కానీ ఇవ్వబోయేదెంత, అందుకు ఇప్పుడు కట్టాల్సిందెంత అనే రెండు మాటలూ ఒకే కాగితం మీద కనిపించడం నా సర్వీసులో చూడలేదు. మన రెండు రాష్ట్రాలూ కూడా ఏటా బడ్జెట్‌లో ఆ రెండో అంకెను అచ్చువేయాలి. ఈ ఏడాది వెరిఫై అయిన సర్వీసుకు బాకీ ఇంత, జమ చేసింది ఇంత అని. ఎస్.ఆర్.లో వాక్యం రాయని క్లర్కుకు మెమో ఇస్తారు. ఆ అంకె రాయనందుకు ఎవరూ ఎవరికీ మెమో ఇవ్వరు.

టీచరమ్మ ఎస్.ఆర్.లో ఆరేళ్ల వెరిఫికేషన్ లేదు. హెడ్మాస్టరు గారికి చెప్పి బిల్లుల నకళ్లు తెప్పించమన్నాను. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటన వచ్చిన పోస్టుల్లో చేరినవాళ్లకు పాత పెన్షన్ ఎంచుకునే వీలు కేంద్రం 2023 మార్చిలో తన ఉద్యోగులకు ఇచ్చింది. అదే సూత్రం మాకూ వర్తింపజేయమని డీఎస్సీ-2003 వాళ్లు అడుగుతున్నారు. ఇస్తారో లేదో, మన కాగితాలు మాత్రం సిద్ధంగా ఉండాలన్నాను. ప్రకటన వచ్చిన నాటి పేపరు ముక్క, అప్పటి హాల్ టికెట్టు దాచావా అని అడిగాను.

"అమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి, బాబాయిగారూ. ఆదివారం తెస్తాను" అంది.