మల్లి చెవి

సోమవారం రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టరమ్మ మల్లి ఎడమ చెవిని రెండు వేళ్ల నడుమ పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పి చూశారు. తెల్లపిల్లి చెవి ఎంత పల్చగా ఉంటుందో పెంచినవాళ్లకు తెలుసు. వెలుతురుకు పెడితే నరాలు రావి ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. ఆ అంచున నువ్వుగింజంత పక్కు. మూడు నెలలుగా కడుతోంది, రాలుతోంది, మళ్లీ కడుతోంది. పొరుగు గండుపిల్లితో కొట్లాటలో అయిన గాయమే అనుకుంటూ వచ్చాను.

“క్యాన్సర్ కావచ్చు. కోసి పరీక్షకు పంపితే గాని చెప్పలేనండీ” అన్నారు.

కల్వకుర్తి నుంచి ఆమనగల్లు, కడ్తాల మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లింది ఏదో మందు రాసిస్తారని. తిరిగొచ్చిన రాత్రి నుంచీ మూడేసి సార్లు లేచి, టార్చి వేసి ఆ చెవి చూస్తున్నాను. చూసినంత మాత్రాన తగ్గేది కాదని తెలిసీ చూస్తున్నాను.

మల్లి ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. తొమ్మిదేళ్ల కింద గడ్డివాములో దొరికిన పిల్లే ఇది. నా పట్టుదల కూడా మీకు కొత్త కాదు: జంతువును దాని మానాన బతకనివ్వాలి, మనిషి చేయి దాని మీద ఎంత తక్కువ పడితే అంత మంచిది. అందుకే మల్లి ఏడాది పొడుగునా పిట్టగోడ మీద ఎండలో పడుకుంటే ఒక్కనాడూ దించలేదు. దాని సుఖం దానిది అనుకున్నాను. తెల్లపిల్లులకు చెవి కొసల్లో, ముక్కు మీద, కనురెప్పల్లో రంగు ఉండదట. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అక్కడే స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ వస్తుందట. మన పాలమూరు ఎండ సంగతి వేరే చెప్పాలా?

మత్తిచ్చి చెవి అంచు కోసేస్తే పరీక్షకు ముక్క దొరుకుతుంది. రోగం ఇంకా అక్కడే ఉంటే వైద్యమూ దాంతోనే అయిపోవచ్చు. దవడ కింది గ్రంథులు నొక్కి చూసి, ప్రస్తుతానికి వాపు లేదన్నారు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. నిజానికి అప్పటికే వద్దనుకున్నాను. తింటోంది, ఆడుతోంది, ఎందుకు దాన్ని కోయించడం? మరునాడు మా చుట్టమొకాయన “పిల్లికి గింత ఖర్సా?” అంటే ఒళ్లు మండింది. ఆయనకు డబ్బు అడ్డం, నాకు జాలి అడ్డం. మల్లికి మాత్రం ఇద్దరి మాటా ఒకటే.

సోమవారం ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు డాక్టరమ్మ ఇంకో మాటన్నారు: ఎడ్లకు వచ్చే కొమ్ము క్యాన్సర్ కూడా ఈ రకానిదేనని. కారులో దారి పొడుగునా నాకు సోముడే కళ్లముందు.

సోముడు మా తెల్లెద్దు. ఒక యేడు వానకాలంలో తల అదేపనిగా విదిలించేది, కుడి కొమ్మును గుంజకేసి రాసేది. బండి కాడి తగిలిందేమోనని నాయిన పసుపు, నూనె పెట్టి గుడ్డ చుట్టాడు. అమ్మ దవాఖానకు తోల్కపొమ్మంటే, “మూగజీవి, దాన్నెందుకు సతాయించుడు” అన్నాడు. నెలలు గడిచాయి. కొమ్ము కిందికి వంగింది. ఒకనాడు పొద్దున కుడితి తాగుతుంటే కుడి ముక్కులోంచి నెత్తురు కారి కుడితి ఎర్రబడింది.

పశువుల డాక్టర్ సాబ్ వచ్చి కంటికీ కొమ్ముకూ నడుమ సూది వేసి, వేపచెట్టు కింద పడుకోబెట్టి, తీగరంపంతో కొమ్ము కోశాడు. నాయిన ఆ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోసిన కొమ్ము లోపల గోబిపువ్వులాంటి గడ్డ. నాయిన దాన్ని చాలాసేపు చూసి, “ఇది లోపల వెట్టుకోని నా అరక గుంజిండు” అన్నాడు. అంతకుముందు ఆయన కంట నీళ్లు నేను చూడలేదు.

సోముడు మరో నాలుగేండ్లు బతికింది. ఒంటికొమ్ము ఎద్దును అంగట్ల ఎవడు కొంటడని ఊళ్లో అంటే, “అమ్మేటోనికి గద ఆ రంది” అనేవాడు నాయిన. దాని గాటి దగ్గర మాత్రం నా చేయి పట్టుకుని ఒకసారి చెప్పాడు: “బిడ్డా, దానికి నొప్పైతదని కాదు నేను ఆగింది. నేను చూడలేననే.”

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. బాధలో ఉన్నప్పుడు కూడా గుర్రుగుర్రుమంటుంది. తింటోంది, ఆడుతోంది అన్న నా సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుంది?

బుధవారం ఫోన్ చేశాను. ఆపరేషన్ వచ్చే శుక్రవారం. పిట్టగోడ మీద పాత చీర పందిరిలా కట్టాను. మల్లి దాని నీడ దాటి అవతలకు జరిగి పడుకుంటోంది, నేను ఎత్తుకొచ్చి నీడలో పెడుతున్నాను. మీ ఇంటి పిల్లికి ఇలాంటి పక్కు కనిపిస్తే ఒక్క మాట: మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి వేయకండి, అది దాని ప్రాణం తీస్తుంది.

గురువారం రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు. రోజూ తెల్లారక ముందే మంచమెక్కి, గోళ్లు లోపలికి ముడుచుకుని, నా చెంప మీద తడుతుంది ఆకలని. ఆ పొద్దు దానికంటే ముందే లేచి బుట్టలో దాని పాత దుప్పటి పరచాలి.