శిశుచలన పరిశీలన – తెలుగు వాడుకలోని కొలమానాలు: ఒక విమర్శ

ఉపోద్ఘాతం

తెలుగు కుటుంబాలలో శిశువు ఎదుగుదలను వేడుకలతో లెక్కించే సంప్రదాయం ఉంది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే చిలకలు పంచిపెడతారు. వీటిని ప్రాస కోసం పుట్టిన మాటలుగా కొట్టివేయడం తగదు. శిశుచలనాన్ని తరతరాలుగా గమనించిన సమాజం తయారుచేసుకొన్న పట్టిక ఇది. అయితే నాడీవ్యవస్థ వికాసాన్ని అంచనా వేయడానికి ఈ పట్టిక ఎంతవరకు నమ్మదగినదన్నది విచారించవలసిన ప్రశ్న.

వేడుక చెప్పేది, చెప్పనిది

వేడుక ఒక చలనం వచ్చిందా లేదా అన్నదే నమోదు చేస్తుంది. ఏ వయసులో వచ్చింది, ఏ తీరున వచ్చింది అన్నవి దాని పరిధిలో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన శిశువులు 8.2 నుండి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. ఆ అధ్యయనంలో 4.3 శాతం మంది చేతులు, మోకాళ్ల మీద అంబాడనే లేదు. కాబట్టి ఒక మెట్టు ఆలస్యమైనంత మాత్రాన లోపం ఉన్నట్లు కాదు. అలాగే ‘మా వంశంలో అందరూ ఆలస్యంగానే నడిచారు’ అన్న ఊరట అన్నివేళలా నిజమూ కాదు.

పేరు లేని చలనం

హైన్జ్ ప్రెక్టల్ బృందం మెట్లను కాక చలనపు తీరును పరిశీలించింది. సుమారు మూడు నుండి ఐదు నెలల వయసులో, మెలకువగా, ఏడవకుండా వెల్లకిలా పడుకొన్న శిశువు మెడలో, మొండెంలో, కాళ్లుచేతులలో చిన్నచిన్న కదలికలు అన్ని దిశలకూ ఎడతెగక సాగుతాయి. 1997లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వారి పరిశోధనలో 130 మంది శిశువులున్నారు. ఈ కదలికలు సరిగా ఉన్న 70 మందిలో 67 మంది నాడీపరంగా ఆరోగ్యంగా ఎదిగారు. అవి లేని, లేదా వికృతంగా ఉన్న 60 మందిలో 57 మందికి లోపాలు తేలాయి. అయితే ఆ బృందంలో ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న శిశువులు గణనీయంగా ఉన్నారు. లోపం అరుదుగా ఉండే సాధారణ జనాభాలో ఇదే నిష్పత్తిని ఆశించరాదు. పైగా ఈ పద్ధతి విశ్వసనీయత శిక్షణ పొందిన కంటిపై ఆధారపడి ఉంటుంది.

తెలుగు వాడుకలో బోర్లాపడటం, పారాడటం, తప్పటడుగులు అంటూ ప్రతి మెట్టుకూ పేరుంది. ఈ కదలికలకు మాత్రం ప్రత్యేకమైన పేరు లేదు. ‘కాళ్లూచేతులూ ఆడిస్తున్నాడు’ అన్న ఒక్క మాటలోనే సవ్యమైన చలనం, అపసవ్యమైన చలనం రెండూ కలిసిపోతాయి. బోర్లాపడటం కోసం ఇల్లంతా ఎదురుచూసే నెలల్లోనే ఈ గుర్తు కనిపించి, పేరు లేనందున గమనానికి రాకుండా పోతుంది.

చూసినవారి మాట

భాగవత దశమస్కంధంలోని శకటభంజన ఘట్టం ఇక్కడ గుర్తుకు రాక మానదు. శిశువు ఒత్తిగిలినందుకు జరిగే ఉత్సవంలో పెద్దలు అతిథుల సందడిలో ఉన్నారు. పసివాడు కాలితో తన్నగా బండి కూలిందని అక్కడ ఆడుకొంటున్న పిల్లలు చెప్పారు. పెద్దలు దానిని పిల్లల మాటగా భావించి నమ్మలేదు. వేడుకలో మునిగినవారు చూడలేదు. చూసినవారి మాట చెల్లలేదు.

కొత్తచెరువు వంటి అనంత కరువు పీఠభూమి గ్రామాలకు ఈ ఘట్టం దూరమైనది కాదు. వాన తప్పి వేరుశనగ ఎండిన ఏట బతుకుతెరువుకై బెంగళూరుకు వలసపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. తల్లిదండ్రులు పనికి పోయినచోట శిశువును రోజంతా చూసేది అవ్వే. చీర ఉయ్యాలలో ముడుచుకొన్న శిశువు చలనం ఆమెకూ పూర్తిగా కనబడదు. కనబడి, ‘బిడ్డ కదలిక తేడాగా ఉంది’ అని ఆమె అన్నా, అది ముసలివాళ్ల చాదస్తంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ముగింపు

తెలుగు వేడుకల పట్టిక ఎదుగుదలకు మంచి పంచాంగమే కాని రోగనిర్ణయ సాధనం కాదు. శిక్షణ లేని చూపు తీర్పు చెప్పజాలదు, అనుమానాన్ని మాత్రం సకాలంలో తెలపగలదు. ఆ అనుమానం అంగన్‌వాడీ ద్వారా వైద్యునికి చేరాలంటే, చలనపు తీరును చెప్పే మాటలు వాడుకలోకి రావాలి. ఆ పదజాలాన్ని సేకరించి స్థిరపరచడం వైద్యశాస్త్రంతో పాటు తెలుగు భాషాపరిశోధన బాధ్యత కూడా.