ఆడుమళయాళం: తలకిందులైన లోకం

కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ పేరెత్తగానే స్విఫ్ట్‌కు అనుకరణ అని ఒక్క మాటతో తోసెయ్యటం తేలిక. 1726లో వెలువడిన గలివర్ యాత్రల ఛాయ దీనిమీద ఉన్నమాట నిజమే. కాని అరువు తెచ్చిన నాగలితో ఎవరి పొలం దున్నాడన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

స్విఫ్ట్ మరుగుజ్జులనూ మహాకాయులనూ చూపి రాజ్యాధికారాన్ని వెక్కిరించాడు. వీరేశలింగం ఆ యాత్రా చట్రంలో, జైమిని భారతంలోని ప్రమీల కథ వలె మనవాళ్లకు ఏనాటినుంచో తెలిసిన స్త్రీ రాజ్యాన్ని బిగించాడు. ఆడుమళయాళంలో ఏలేది స్త్రీలు. అణిగి ఉండేది మగవాళ్లు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషి, బాలికల సమ్మతి వయస్సును 10 నుంచి 12 ఏళ్లకు పెంచిన 1891 చట్టంపై రేగిన వేడి చల్లారని రోజుల్లో ఈ కథ నడిపాడు. పాతివ్రత్యాన్ని మగవాడి మెడకు తగిలిస్తే అది ధర్మంగా కనిపించదు, బరువుగా కనిపిస్తుంది. కనుక ఇక్కడ అద్భుతం పలాయనం కాదు, వాదం.

మరి లోపం లేదా? ఉంది. పీడన తలకిందులైందే గాని తొలగిపోలేదు. పీడన లేని సంఘం ఎలా ఉంటుందో ఆ దేశం మనకు చూపదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1890లో, ఇంగ్లండులో విలియం మోరిస్ ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’లో అటువంటి సంఘాన్ని కలగన్నాడు. అక్కడ డబ్బు లేదు, కూలి లేదు, యజమాని లేడు. కాని వంటావార్పూ మాత్రం స్త్రీలవే. అది వారికి ఇష్టమేనని సమర్థన కూడా! సోషలిస్టు చూడని వంటింటిని సంస్కర్త చూశాడు. సంస్కర్త కలగనని సమసమాజాన్ని సోషలిస్టు కలగన్నాడు.

ఈ రెండు చూపులూ కలవవలసిన చోటు ఏ ఊహాద్వీపంలోనో లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న మాదాపూర్‌లో ఉంది. ఆ అద్దాల మేడల్లో యువతి మగవాడి పక్కన కూర్చుని ప్రోగ్రాం రాస్తున్నది, జీతం తెస్తున్నది. ఇల్లు చేరగానే చాలామందికి రెండో కొలువు మొదలవుతున్నది. అదే అంతస్తును తుడిచే స్త్రీకి కొలువులు రెండూ ఉన్నాయి, ఆ జీతం మాత్రం లేదు.

లోకాన్ని తలకిందులు చేసి చూపటం వీరేశలింగం నేర్పాడు. దాన్ని సరిగా నిలబెట్టి చూపే కథ ఎవరు రాస్తారు?