తీరాన ఉన్న ప్రతినాయకుడు

సముద్రసాహస గ్రంథాలలో ప్రతినాయకుడు సముద్రమే. 1966లో రిడ్జ్‌వే, బ్లైత్ అనే ఇద్దరు బ్రిటిష్ సైనికులు తెడ్ల పడవలో 92 రోజులకు అట్లాంటిక్ దాటి, ఆ కథను తామే రాశారు. అదే ఏడాది అదే ప్రయత్నంలో జాన్‌స్టన్, హోర్ మరణించారు. బోల్తాపడిన పడవలో జాన్‌స్టన్ దినచర్య దొరికింది. చనిపోయినవాడికీ పాఠకులు దక్కారన్నమాట.

ఈ చట్రంలో యానాం కథ ఇమడదు. (మెట్టకూరు పేరులో మెట్ట ఉన్నా, అదీ గౌతమీతీరపు యానాం లోనిదే.) 1828లో యానాం నుంచి ‘లా తుర్క్వాజ్’ ఓడ 15 మంది తెలుగు కూలీలను నాటి బూర్బన్, నేటి రీయూనియన్ దీవికి చేర్చింది. దాన్ని కేవలం కెరటాలతో పోరాటంగా వర్ణిస్తే, వారిని రప్పించుకున్న తోట యజమాని కథలోంచి తప్పుకుంటాడు. ఆకలి, దాహం, ఉప్పునీటి పుండ్లు తెడ్డు వేసినవాడికీ ఉంటాయి, నిజమే. కాని బయలుదేరే రోజును అతడే ఎంచుకున్నాడు.

మధ్యధరా సముద్రాన్ని కిక్కిరిసిన పడవల్లో దాటే శరణార్థులను ‘సాహసికులు’ అని మెచ్చుకునే రచనలపై నా అభ్యంతరం ఇదే. ఆ మెప్పులో వారిని తరిమిన యుద్ధం గానీ, పడవలో చోటు అమ్ముకున్న దళారి గానీ కనబడరు.

మారిషస్ విద్యార్థులకు ‘కోరంగి’ మాట కొత్త కాదు. యానాం పక్కనున్న రేవు పేరు అక్కడా, బర్మాలోనూ తెలుగువారి పేరైంది. 1942లో జపాను సేనలు రంగూన్ చేరినప్పుడు బర్మా విడిచి కొండదారుల్లో నడిచినవారిలో ఈ కోరంగీలూ ఉన్నారు. ఓడలో చోటు అందరికీ దొరకలేదు. ఎవరికి దొరికిందన్నదే ఆ కథలో అసలు ఘట్టం.