సాంచెల చప్పుడులో పాట

1980ల చివర్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ట్రెంట్ రెజ్నర్ అనే కుర్రాడు ఒక స్టూడియోలో నేల తుడవడం దాకా అన్ని పనులూ చేసేవాడు. స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో అక్కడే తన పాటలు కట్టుకునేవాడు. అనుకున్నట్టు వాయించే జట్టు దొరక్క దాదాపు అన్నీ తనే వాయించి, డ్రమ్స్ మాత్రం యంత్రానికి వదిలాడు. 1989 అక్టోబరులో 'నైన్ ఇంచ్ నెయిల్స్' పేరుతో 'ప్రెట్టీ హేట్ మషీన్' విడుదలైంది. పేరు చూస్తే బృందం, లోపల ఉన్నది ఒక్కడే. చివరి మెరుగులకు పేరున్న ప్రొడ్యూసర్లు వచ్చారనుకోండి.

అది విన్నప్పుడల్లా నాకు షోలాపూర్ భవాని పేట్ గుర్తొస్తుంది. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల పేట అది. అక్కడ కూడా ఒక్క మనిషే నాలుగైదు యంత్రాల మధ్య నిలబడతాడు. సాంచె, అంటే మరమగ్గం, నడిచిందంటే నాడె ఇటు నుంచి అటు దూకుతుంది, పన్నె వచ్చి పేకను గుద్దుతుంది. నిమిషానికి వందకు పైగా దెబ్బలు. డాన్సు పాటల వేగం కూడా ఇంచుమించు అంతే. అయితే రెండు సాంచెలు ఎప్పుడూ ఒకే తాళంలో నడవవు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. కలిసినట్టే కలిసి విడిపోతుంటాయి. స్టూడియో కంప్యూటరు ఇంత బాగా తప్పదు.

చద్దర్లు నేసే జకార్డు సాంచె దగ్గర మరీ ఆగిపోతాను. పైన దండగుచ్చిన అట్టలు ఒక్కొక్కటిగా తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. సంగీతపు సీక్వెన్సర్ కూడా చేసేది ఇదే, ఈ గడిలో మోగు, ఆ గడిలో మోగకు అని. లియోన్‌లో జోసెఫ్ జకార్డు ఈ పద్ధతిని 1804లోనే ఒక కొలిక్కి తెచ్చాడు. 1976లో లండన్‌లో థ్రాబింగ్ గ్రిసిల్ బృందం తన కంపెనీకి 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అని పేరు పెట్టి, రెజ్నర్‌ది లాంటి యంత్రాల సంగీతానికీ ఆ పేరు అంటించడానికి చాలా ముందు.

నాకు తేడా కనిపించేది ఒక్కచోట. రెజ్నర్ ఆల్బంలో యంత్రం చెక్కుచెదరదు, గొంతే పగులుతుంది. భవాని పేట్‌లో మనిషి ముఖం చలించదు, పోగులు తెగుతాయి. నేతగాడు వినేది తాళాన్ని కాదు, తాళంలో వచ్చే తేడాని. 'మూడోది సరిగ్గా పలకడం లేదు' అని సాంచెలు బాగుచేసే జాబర్ చూడకుండానే చెప్పేస్తాడు. ఇంత చెవి ఉన్నవాళ్లని ఏ స్టూడియో అయినా కళ్లకద్దుకోవాలి.

ఆ చెవిని మింగేదీ ఆ చప్పుడే. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకు హద్దు 90 డెసిబెల్స్. నాడె సాంచెల షెడ్డు మామూలుగా దాన్ని దాటిపోతుంది. పాట వినేవాడు వాల్యూమ్ తగ్గించుకోగలడు. షెడ్డులో వాళ్లు సైగలతో మాట్లాడుకుంటారు. అందుకే ఈ రొదను 'అద్భుత సంగీతం' అని పొగిడి వచ్చేయడం నాకు మింగుడుపడదు.

ఇక కొత్త రేపియర్ సాంచెల్లో నాడె ఉండదు, దాన్ని విసిరే దెబ్బా ఉండదు. భవాని పేట్ కుర్రాళ్లలో ఎవరైనా ఒంటరిగా తొలి ఆల్బం చేయాలనుకుంటే పాత సాంచెలు తుక్కుకు పోకముందే రికార్డు చేసుకోవాలి. మైకు ఎక్కడ పెట్టాలో జాబర్‌నే అడగండి. ఏ సాంచె ఎలా పలుకుతుందో అతనికి తెలుసు. చెవులకు ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకండి.